త్రువా రివియేర్ పలకడానికి యానాం దాకా

నేను కెనడా వెళ్లలేదు. ఆ దేశంలోని ఒక ఊరి పేరు సరిగ్గా పలకడం కోసం కోనసీమను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటి యానాం వెళ్లి వచ్చాను. నాలుగు రోజుల ప్రయాణం. కెనడా వెళ్లి వచ్చినవాళ్లు రాసినవి చాలా ఉన్నాయి. వెళ్లనిదాని సంగతి కూడా ఒకటి ఉంటే తప్పేమీ లేదని ధైర్యంగా రాస్తున్నాను.

నరసాపురంలో ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నాను. బ్యాంకు గుమాస్తాలు, లేసు వ్యాపారులు, గల్ఫు వెళ్లే నర్సులు నా దగ్గర నేర్చుకున్నారు. ఉచ్చారణ విషయంలో ఎవరూ నాకు ఎదురు చెప్పలేదు. అది నా గొప్పతనమే అనుకునేదాన్ని.

సలోమి ఈ ఏడాదే చేరింది. మలికిపురం అమ్మాయి, ముప్పై నాలుగేళ్లు. కువైట్ ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు నర్సుగా చేసి తిరిగి వచ్చింది. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతంలో ఒక ఆసుపత్రికి దరఖాస్తు పెట్టుకుని, ఏడాదిగా ఫోనులో పాఠాలు వింటూ ఫ్రెంచి సొంతంగా నేర్చుకుంటోంది. మొదటి ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అన్నారని నా దగ్గరికి వచ్చింది. ఆసుపత్రి ఉన్న ఊరి పేరు కాగితం మీద చూపించి అడిగింది.

"మేడమ్‌గారండీ, మూడు అనే అంకెని ఫ్రెంచిలో త్రువా అంటారండి. మరి ఈ ఊరి పేరులో మొదటి మాటని కూడా త్రువా అనే అనాలేమోనండి?"

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "కెనడా ఇంగ్లీషు దేశం. ఊరి పేరు ఇంగ్లీషులోనే పలకాలి. ట్రాయిస్ రివియర్స్ అను," అన్నాను. పదిసార్లు అనిపించాను కూడా.

ఇంటర్వ్యూలో ఆసుపత్రి తరఫున మాట్లాడినావిడ ఏ ఊరికి వస్తున్నారని అడిగితే సలోమి నేను నేర్పినట్టే చెప్పింది. ఆవిడకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. మూడోసారి సలోమి అక్షరాలు ఒక్కొక్కటే చదివి వినిపించింది. "మా ఊరి పేరుకి అర్థం తెలుసా?" అని ఆవిడ అడిగేసరికి, తెలిసిన అర్థం కూడా గొంతు దాటలేదట. మా రోగుల్లో చాలామంది ముసలివాళ్లు, ఫ్రెంచి తప్ప మరో భాష రానివాళ్లు, వచ్చే గురువారం సాయంత్రం ఫ్రెంచిలోనే ఇంకొక్కసారి మాట్లాడదాం, అదే ఆఖరు అని ఆవిడ చెప్పిందట.

ఇదంతా సలోమి నాకు మెల్లగా చెప్పింది. మీ వల్లే అని ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి నాకు మరీ ఇబ్బంది అయింది. యానాంలో నా స్నేహితురాలి పిన్నిగారు ఒకావిడ ముప్పై ఏళ్లు బడిలో ఫ్రెంచి చెప్పారని గుర్తొచ్చింది. "పద, నేనూ వస్తాను," అన్నాను. తప్పు నాదని మాత్రం చెప్పలేదు.

సఖినేటిపల్లి రేవు

మంగళవారం మధ్యాహ్నం నరసాపురంలో పంటు ఎక్కాను. మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, ఆటోల్నీ కలిపి వశిష్ఠ గోదావరి దాటించే పెద్ద పడవ అది. మా ఊళ్లో పంటు కోసం ఎంతసేపు నిలబడినా ఎవరూ విసుక్కోరు. అవతలి ఒడ్డున సలోమి గొడుగు వేసుకుని ఎదురు చూస్తోంది.

పంటు మీద నా పక్కన మామిడికాయల బుట్టతో ఉన్న పెద్దాయన ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"ఊరి పేరు నేర్చుకోడానికి అంతదూరమాండి? ఫోనులో అడిగితే చెప్పేత్తదంట కదండీ."

నిజమే, అడిగాము. ఫోను చక్కగా పలికింది. మనం పలికినది సరిగ్గా ఉందో లేదో మాత్రం చెప్పలేదు. నేను "ట్రాయిస్" అన్నా "భేష్" అనే రాసింది. ఆ సంగతి చెబితే పెద్దాయన, "అయితే అది మొహమాటం మనిషన్నమాటండి," అని నాకు రెండు కాయలు చేతిలో పెట్టాడు.

మలికిపురం

ఆ రాత్రి సలోమి ఇంట్లోనే ఉన్నాను. భర్త ఏసుబాబు కొబ్బరి కాయ కొని లారీల్లో ఎగుమతి చేస్తాడు. చింతచిగురు రొయ్యలు తనే వండి పెట్టాడు. మా ఇంట్లో మగవాళ్లు పొయ్యి దగ్గరకు రారు. భార్య ఎనిమిదేళ్లు కువైట్‌లో ఉంటే వంట నేర్చుకోక ఏం చేస్తాడు?

భోజనాల దగ్గర వాళ్ల తొమ్మిదేళ్ల కూతురికి పొలమారింది. మంచినీళ్లు సలోమి చేతికి అందేంత దగ్గర్లో ఉన్నాయి. పిల్ల మాత్రం వంటింట్లోకి చూసి, "నాన్నా, నీళ్లు," అంది. సలోమి గ్లాసు నింపి అందించింది. పిల్ల తాగి, "థాంక్యూ మమ్మీ," అని ఎవరో చుట్టాలతో అన్నంత మర్యాదగా అంది.

తరువాత అరుగు మీద కూర్చున్నప్పుడు సలోమి చెప్పింది. "కువైట్‌కి నేనొక్కదాన్నే వెళ్లేనండి. వీళ్లని తీసుకెళ్లడానికి కుదర్లేదండి. అక్కడికైతే ముగ్గురం వెళ్లొచ్చన్నారండి. అందుకేనండి ఇంత పాకులాట."

ఏసుబాబు నవ్వుతూనే అడిగాడు. "ఊరి పేరు నోరు తిరక్కపోతే ఉద్యోగం ఇవ్వరాండి?"

"పేరొక్కటే కాదు బాబూ," అన్నాను. "అక్కడ భయపడ్డాక మిగతా మాటలేవీ రాలేదు."

"ఆయ్," అన్నాడు. ఇంక నవ్వలేదు.

అంబాజీపేట

బుధవారం పొద్దున్నే బస్సు. రాజోలు, తాటిపాక మీదుగా వెళ్లి, గన్నవరం దగ్గర వైనతేయ దాటి, అంబాజీపేటలో కొబ్బరి లారీ వెనక ఆగిపోయాము. లారీ మీద తాడు తెగి కాయలు రోడ్డంతా దొర్లాయి. ఏరి ఎక్కించడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. దిగి పొట్టిక్కలు తిన్నాము. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. విప్పగానే పనసాకు వాసన ముందు వస్తుంది. మా నరసాపురం ఇడ్లీ తెల్లగా అందంగా ఉంటుంది గానీ ఈ వాసన దానికి లేదు. ఒక్కొక్కటి ఇరవై రూపాయలు. సలోమి రెండు తింది. నేను మూడు.

తింటూ సలోమి గొంతులోనే పేరు అనుకుంటోంది. హోటలావిడ చెవిన పడింది. "ఏంటమ్మా అంటున్నావు?" అని అడిగి, తనూ అంది, "తురువారివ్వేరు." పక్క బల్ల మీది లారీ డ్రైవరు అందుకుని, "రివ్వేరు కాదండి, రివర్రేమోనండి, ఇంగ్లీషులో నదండి," అన్నాడు. నలుగురూ నాలుగు రకాలుగా పలికారు. అందరికీ తమదే సరి అన్న నమ్మకం ఉంది. వాళ్లలో నన్ను నేను చూసుకుని పొట్టిక్క మీద దృష్టి పెట్టాను.

మురమళ్ళ

అమలాపురంలో బస్సు మారాము. ఎండ మండుతోంది. మురమళ్ళ చేరేసరికి ఈ బస్సు టైరు పేలింది. గుడి వీధిలో పూలమ్మే ఆవిడ తన పందిరి కింద కూర్చోమంది. ఆ ఊళ్లో వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం జరుగుతుంది. మా ఊళ్లో ఏడాదికి ఒకసారి చేసే వేడుక ఇక్కడ ప్రతి సాయంత్రం అని విని, ఎన్ని పూలు కావాలో అని ఆశ్చర్యపోయాను.

"అందుకేనండి నాకు ఒక్కరోజు కూడా సెలవుండదండి," అంది పూలావిడ. మా ప్రయాణం కారణం విని తన ఊరి పేరు కథ కూడా చెప్పింది. "మొదట్లో మునులు ఉండేవారంటండి. మునిమండలి అనేవారంటండి. జనం నోట్లో నానీ నానీ మురమళ్ళ అయిందండి. ఇప్పుడు మునిమండలి అంటే బస్సువాడు ఎక్కించుకోడండి."

ఆవిడ దండ కట్టడంలో పడ్డాక నేను సలోమి వైపు తిరిగాను. ఇరవై రెండేళ్లలో ఏ శిష్యురాలితోనూ అనని మాట అన్నాను.

"సలోమీ, నువ్వు మొదటే సరిగ్గా చెప్పావు. నాకు తెలియకపోయినా నిన్ను దిద్దాను. నీ ఇంటర్వ్యూ పోవడానికి కారణం నేనే."

తను కొంగుతో మొహం తుడుచుకుంది.

"తెలుసండి," అంది చివరికి. "కోపం రాలేదంటే అబద్ధమండి. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చేనండి. మీరెప్పుడు చెప్తారా అని చూస్తన్నానండి."

"చెప్పకపోతే?"

"యానాం దాకా వచ్చి పాఠం విని, ఇంక మీ దగ్గరికి రాకూడదనుకున్నానండి."

పూలావిడ లేచి, కట్టిన మల్లెదండను సగానికి తెంపి ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

యానాం, బుధవారం

గౌతమి మీద వంతెన దాటగానే మరో ప్రభుత్వం, పుదుచ్చేరిది. అటు కోనసీమ, ఇటు యానాం, మాట ఒక్కటే. తేడా ముందుగా కనిపించేది మందు దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో. మా బస్సు డ్రైవరు అటుకంటే తక్కువగా ఉన్న పెట్రోలు ధర చూసి ప్రతిసారీ విడిచే నిట్టూర్పు ఒకటి ఉందట, అది మాకూ వినిపించాడు.

నా స్నేహితురాలి పిన్ని అన్నపూర్ణమ్మగారికి డెబ్బై ఆరేళ్లు. భర్త పోయారు, పిల్లలు లేరు. కింద వాటా అద్దెకిచ్చి మేడ మీద ఒక్కరే ఉంటారు. మేము వెళ్లేసరికి కింద పంపు దగ్గర ఉన్న ఆవిడకు మెట్లెక్కి వచ్చి తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. రొప్పుతున్నారు. "వయసండి," అన్నారు. మజ్జిగ ఇచ్చారు, కూర్చోమన్నారు, వెంటనే పని మొదలుపెట్టారు.

"పేరు కాగితం మీద రాయమ్మాయ్. రెండు మాటలు. మధ్యలో గీత. రెండింటి చివరా ఎస్ ఉంది చూడు. అవి రాయడానికే, పలకడానికి కాదు. త దంతాల మీద, మన తలుపులో త లాగా. త్రువా. రెండోది రివియేర్. కలిపి, త్రువా రివియేర్."

"త్రువా రివియేర్," అంది సలోమి.

"ర నాలుకతో వద్దు. గొంతులోంచి రావాలి. నీళ్లు పుక్కిలించేటప్పుడు ఎక్కడ ఆడుతుందో అక్కడ్నుంచి."

సలోమికి ఆరోసారికి వచ్చింది. నేను వదలకుండా ప్రయత్నించాను. నాకు దగ్గొచ్చింది, తరువాత గొంతు బొంగురుపోయింది. అన్నపూర్ణమ్మగారు నాకు మిరియాల పాలు ఇచ్చి, "మీకు తొందరేం లేదు లెండి," అన్నారు. ఇరవై రెండేళ్లుగా నేను నెమ్మదైన విద్యార్థులకు చెప్పే మాట అదే.

అర్థం కూడా వివరంగా చెప్పారు. పేరుకి మూడు నదులు అని అర్థం. నిజానికి అక్కడ ఉన్నది ఒకటే నది. అది ఇంకో మహానదిలో కలిసేచోట మధ్యలో లంకలు అడ్డం వచ్చి మూడు పాయలవుతుంది. దూరం నుంచి పడవల్లో వచ్చినవాళ్లకు మూడు నదుల్లా కనిపించి ఆ పేరు పెట్టారట.

"లంకలాండి?" సలోమి మొహం వెలిగింది. "మా గోదారి లాగానేనండి!"

"ఒక్క తేడా ఉంది. ఫ్రెంచిలో రివియేర్ అంటే ఇంకో నదిలో కలిసేది. సముద్రంలో కలిసేదాన్ని ఫ్లవ్ అంటారు. మన గోదావరి ఫ్లవ్. ఆ ఊరి ఆడవాళ్లని త్రిఫ్లూవియెన్ అంటారు. త్రి అంటే నీకు చెప్పక్కర్లేదు కదా."

అన్నీ చెప్పి, "ఇంకొక్క మాట," అన్నారు. "నేను నేర్చుకున్నది పుదుచ్చేరి ఫ్రెంచి. అక్కడివాళ్ల యాస వేరని విన్నాను. అది నాకు రాదు. రానిది నేర్పలేను."

ఆ మాట ఆవిడ ఎంత తేలిగ్గా అన్నారో! నేను తల వంచుకుని మిరియాల పాలు తాగాను.

యానాం, గురువారం

పొద్దున్న పాఠం వేరే. పేరు వచ్చింది గానీ, ప్రశ్న అడిగితే సలోమి గొంతు ఇంకా సన్నబడిపోతోంది. అన్నపూర్ణమ్మగారు మంచం మీద పడుకున్నారు. "నేను ఆ ఊరి ముసలిదాన్ని. మందు వేసుకోనంటాను. ఒప్పించు," అని, గోడ వైపు తిరిగి ఫ్రెంచిలో సణగడం మొదలుపెట్టారు.

సలోమి మంచం పక్కన కుర్చీ వేసుకుంది. "బోంజూర్ మదామ్," అంది. అలవాటుగా ఆవిడ మణికట్టు పట్టుకుంది. నెమ్మదిగా మాట్లాడుతోంది, ఎక్కడా తడుముకోవడం లేదు. నేను సంతోషంగా చూస్తున్నాను. అంతలో తను ఆగిపోయింది. గోడ గడియారం వైపు చూసింది. ఒక నిమిషం, ఇంకో నిమిషం.

"మామ్మగారండీ," అంది తెలుగులో. "మీ నాడి సరిగ్గా లేదండి. ఆగి ఆగి కొడతందండి. పాదాలు చూపించండి."

పాదాలు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడింది.

"వయసమ్మా. నువ్వు పాఠం కానీ."

"పాఠం తర్వాతండి. ఆసుపత్రికి వెళ్దామండి."

"నీకు సాయంత్రం పరీక్ష పెట్టుకుని ఆసుపత్రేమిటి?"

సలోమి అప్పటికే ఆవిడ చెప్పులు మంచం దగ్గర పెట్టింది. నేను కింద వాటావాళ్ల చేత ఆటో పిలిపించాను. ఆవిడ మెట్ల మీద రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. గుండె పరీక్ష చేసిన డాక్టరుగారు, గుండె లయ తప్పిందని, ఇంకో వారం ఆలస్యమైతే ప్రమాదమయ్యేదని చెప్పి, ఆ రాత్రికి ఉంచేయమన్నారు. మందు ఎక్కించారు. సలోమి కదలలేదు. మధ్యాహ్నం దాటింది, నాలుగైంది, ఆరైంది. ఇంటికి వెళ్లి కూర్చోమంటే, "ఈవిడ పక్కనెవరూ లేరు కదండీ," అంది.

ఏడింటికి ఫోను మోగింది. అక్కడ అప్పుడు ఉదయం. సలోమి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుంది. జుట్టు రేగి ఉంది, చీర నలిగి ఉంది. ఫోను నేను పట్టుకున్నాను. తెర మీద కళ్లజోడు పెట్టుకున్న కెనడా ఆవిడ ముందుగా సలోమి వెనక ఉన్న గోడను చూసి ఏదో అడిగింది.

సలోమి చెప్పడం మొదలుపెట్టింది. ఫ్రెంచి నాకు ఒక్క ముక్క రాదు, అయినా ఏం చెబుతోందో తెలిసింది. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి చూపించింది. పాదాల వైపు చూపించింది. ఎక్కించిన మందు పేరు చెప్పింది. ఆవిడ రాసుకోవడం ఆపి, ముందుకు వంగి, వరసగా అడుగుతోంది. సలోమి వరసగా చెబుతోంది. మధ్యలో ఊరి పేరు వచ్చింది. త్రువా రివియేర్. ఆ వెంటనే గౌతమి, వశిష్ఠ, వైనతేయ. ఫ్లవ్ అన్న మాట కూడా విన్నాను. ఆవిడ గట్టిగా నవ్వింది. నేను ఆవిడ్ని చూడబోయి ఫోను వంచేసరికి సలోమి మొహం తెరలోంచి సగం పోయింది. "మేడమ్‌గారండీ, ఫోను," అంది తను, మాట తెగకుండా.

పదిహేను నిమిషాలన్నది అరగంట అయింది. చివర్లో ఆవిడ రోగిని పలకరించవచ్చా అని అడిగిందని సలోమి నాకు చెప్పింది. డ్యూటీ నర్సును అడిగి లోపలికి వెళ్లాము. అన్నపూర్ణమ్మగారు దిండుకి ఆనుకుని కూర్చుని, చీర కొంగు సర్దుకుని, ఫోను అందుకున్నారు. ఇంక ఇద్దరికీ మేము కనిపించలేదు. భర్త పోయాక ఆ ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే మనిషి లేరని తరువాత చెప్పారు. ఆ అవతలావిడ ఊరి పేరు తమ యాసలో పలికి వినిపించింది. చివరి ముక్కను సాగదీసి, మధ్యలో వంచి, రివియాయెర్ అన్నట్టు. అన్నపూర్ణమ్మగారు విని, తనూ అన్నారు. అవతలావిడ దిద్దింది. ఈవిడ మళ్లీ అన్నారు. చేతికి సూదితో, డెబ్బై ఆరేళ్ల వయసులో, నాలుగోసారికి కుదిరింది.

"అమ్మాయ్," అన్నారు సలోమితో, "ఇది కూడా రాసుకో."

నరసాపురం

శుక్రవారం ఆవిడ్ని ఇంటికి చేర్చి, కింద వాటావాళ్లకు మందుల వేళలు సలోమి రాసి ఇచ్చాక తిరిగి వచ్చాము. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. కుటుంబంతో సహా రావచ్చు. బయలుదేరేలోగా ఇంకా కాస్త భాష నేర్చుకోవాలన్నారు. సలోమి ఇప్పుడు ప్రతి శనివారం కూతుర్ని వెంటబెట్టుకుని యానాం వెళ్తోంది. పిల్ల ఆ గొంతు ర ని మా ఇద్దరికంటే బాగా పలుకుతోందట. అన్నపూర్ణమ్మగారు మందులు వేసుకుంటున్నారు, మెట్లెక్కుతున్నారు.

నేను మా క్లాసులో ఈ కథంతా చెప్పాను. ట్రాయిస్ దగ్గర్నుంచి మురమళ్ళ దాకా, ఏమీ దాచకుండా. నలభైమంది విన్నారు.

మర్నాడు వెనక వరసలోంచి లేసు పని చేసే భారతి లేచి నిలబడింది. రెండేళ్లుగా వస్తోంది, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

"మేడమ్‌గారండీ, మీరు బోర్డు మీద బాదంపప్పుని ఆల్మండ్ అని రాసేరండి. అందులో ఎల్ పలకరనుకుంటానండి."

"పలుకుతారు," అనబోయి ఆగాను. నిఘంటువు తీసి బల్ల మీద పెట్టి, ఆమెను ముందుకు పిలిచాను. ఇద్దరం కలిసి వెతికాము. అందులో ముందు ఇచ్చిన ఉచ్చారణ భారతి చెప్పినదే. బోర్డు మీద నేను రాసిన ఉచ్చారణ తుడిచి, సుద్దముక్క ఆమె చేతికి ఇచ్చాను.